స్పానిష్‌లో పిలిస్తే స్పానిష్‌లోనే పలకాలి

(డల్లాస్ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలు నడుపుతున్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేయడం తప్ప మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందాండీ? సరే.

ఈ గదిలో డెంటల్ క్లినిక్‌ల వాళ్లున్నారు, రెస్టారెంట్ల వాళ్లున్నారు. ట్యాక్స్ ఆఫీసులు, పాత కార్ల అమ్మకం, ఇన్సూరెన్స్, రియల్ ఎస్టేట్, అందరూ ఉన్నారు. మీరంతా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఫేస్‌బుక్‌లో స్పానిష్ యాడ్ ఎలా వేయాలండీ?" అని. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ యాడ్ చూసి ఒకావిడ మీకు ఫోన్ చేసిందనుకోండి. ఫోన్ ఎవరెత్తుతారు? ఏ భాషలో ఎత్తుతారు?

ఎందుకడుగుతున్నానంటే డబ్బు పోయేది అక్కడే. యాడ్ స్పానిష్‌లో ఉంటుంది. నొక్కితే వచ్చే పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. ఫారం ఇంగ్లీషు. ఫోన్ చేస్తే మెషీన్ మాట్లాడేది ఇంగ్లీషు. చివరికి మనిషి దొరికితే "హోల్డ్ ప్లీజ్". ఆవిడ పెట్టేస్తుంది. మీ డ్యాష్‌బోర్డు మాత్రం క్లిక్కులు బాగా వచ్చాయని చూపిస్తుంది. నెల తిరిగాక మీరేమంటారు? "హిస్పానిక్ మార్కెట్ కూడా ట్రై చేశామండీ, వర్కవుట్ కాలేదు" అంటారు. అవునా కాదా?

స్పానిష్‌లో యాడ్ వేశామంటే, లోపలికొస్తే స్పానిష్‌లో మాట్లాడతాం అని మాట ఇచ్చినట్టే. కాబట్టి ఇవాళ వరస తిరగేసి చెబుతాను. ముందు కౌంటర్, తర్వాత వాట్సాప్, ఆ తర్వాతే యాడ్.

అంతకన్నా ముందు మనుషుల సంగతి. 2020 జనాభా లెక్కల్లో అమెరికా మొత్తం మీద హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవాళ్లు, 6.2 కోట్ల మంది, అంటే 18.7 శాతం. టెక్సస్‌లో 2022 నాటి సెన్సస్ అంచనాల ప్రకారం వాళ్లే అతి పెద్ద వర్గం, 40.2 శాతం. తెల్లవాళ్లు 39.8. మన ఇర్వింగ్‌నే తీసుకోండి. ఉత్తరాన వ్యాలీ రాంచ్, లాస్ కొలినాస్ వైపు మన ఇళ్లు, మన బిర్యానీ హోటళ్లు. హైవే 183 దాటి కిందికి దిగితే బోర్డులు స్పానిష్‌లో ఉంటాయి. ఊళ్లో పది మందిలో నలుగురు వాళ్లే. ఒకే ఊరు, అయినా మన షాపులోకి వాళ్లు రారు, వాళ్ల షాపులోకి మనం పోం.

ఇంకో మాట. "హిస్పానిక్" అనేది సెన్సస్ వాళ్ల గడి. అమెరికా మొత్తం జనాభా లెక్కల ఫారంలోకి 1980లో ఎక్కింది. ఇంట్లో ఎవరూ తమను తాము ముందుగా అలా చెప్పుకోరు. మెక్సికన్, సాల్వడోరియన్, క్యూబన్, డొమినికన్ అనే చెప్పుకుంటారు. దేశం మొత్తం మీద పదిలో ఆరుగురు మెక్సికో మూలాలవాళ్లు. డల్లాస్‌లో ఓక్ క్లిఫ్, ప్లెజెంట్ గ్రోవ్ అంటే ప్రధానంగా వాళ్లే. అదే హ్యూస్టన్‌లో గల్ఫ్‌టన్‌కు పోతే సాల్వడార్, హోండురస్ వాళ్లు. హ్యూస్టన్ పక్కనే ఉన్న కేటీలో వెనెజువెలా వాళ్లు. ఫ్లోరిడాలో కిసిమీ అంటే ప్యూర్టో రికో. ఈ ప్యూర్టో రికో వాళ్లు 1917 నుంచీ అమెరికా పౌరులు. వాళ్లకు "పేపర్లు లేకపోయినా ఫరవాలేదు" అని యాడ్ చూపిస్తే కోపమొస్తుందా రాదా? మెక్సికో జెండా పెట్టి సాల్వడార్ వాళ్లను పిలవడమంటే, తెలుగువాళ్ల ఫంక్షన్‌లో భాంగ్రా పెట్టి "మీ కోసమేనండీ" అన్నట్టుంటుంది. జెండాలొద్దు. సొంబ్రెరో టోపీలు, మీసాలు, మరకాస్ గిలకలు అసలే వద్దు. మీ షాపు చుట్టూ మూడు మైళ్లలో ఎవరున్నారో సెన్సస్ వెబ్‌సైట్‌లో మూలదేశం వారీగా దొరుకుతుంది. ఒక గంట కూర్చుని చూడండి.

సరే, కౌంటర్.

మీరు తెరిచి ఉన్నంతసేపూ, ప్రతి షిఫ్టులోనూ, స్పానిష్ మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. వారంలో మూడు రోజులే ఉంటే యాడ్‌లో ఆ మూడు రోజులే రాయండి. "మంగళ, గురు, శనివారాల్లో స్పానిష్‌లో మాట్లాడతాం" అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు. రాసిన రోజున మనిషి లేకపోతేనే పడతారు. ఫోన్ సిస్టంలో మొట్టమొదటి మాట స్పానిష్ ఎంపికే కావాలి. నలభై సెకన్ల ఇంగ్లీషు విన్న తర్వాత కాదు. ధరల పట్టీ, కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు రాయించే ఇన్‌టేక్ ఫారం, రిఫండ్ నిబంధన, ఈ మూడూ స్పానిష్‌లో ప్రింటు చేసి పెట్టండి.

ఫారం దగ్గర మనవాళ్లకు ఇట్టే అర్థమయ్యే చిక్కు ఒకటుంది. వాళ్లకు ఇంటిపేర్లు రెండు. ముందు తండ్రి వైపుది, తర్వాత తల్లి వైపుది. ఫారంలో "లాస్ట్ నేమ్" అని ఒకే గడి ఉంటే ఒకసారి ఒకటి రాస్తారు, ఇంకోసారి రెండూ రాస్తారు. మీ ఫ్రంట్ డెస్క్ చివరి మాటను లాస్ట్ నేమ్ అనుకుని ఎక్కిస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు రికార్డు దొరకదు, కొత్త ఫైలు తెరుస్తారు. ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తేలక డీఎంవీలో నిలబడ్డ మనకు ఇది చెప్పాలాండీ? రెండు గడులు పెట్టండి. వెతికేటప్పుడు ఫోన్ నంబరుతో వెతకండి. తేదీలు కూడా అంతే. వాళ్ల అలవాటు మనలాగే రోజు ముందు, నెల తర్వాత. 5/6 అని అంకెలతో రాయకండి, నెల పేరు రాయండి.

క్లినిక్‌ల వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మెడికెయిడ్, చిప్ లాంటి ప్రభుత్వ ఇన్సూరెన్సులు తీసుకుంటున్నారంటే ఫెడరల్ డబ్బు తీసుకుంటున్నట్టే. అప్పుడు పేషెంటు వెంట వచ్చిన పన్నెండేళ్ల పిల్లాడిచేత తర్జుమా చేయించడం నిబంధనలకు విరుద్ధం. ప్రాణాపాయం ఉన్న ఎమర్జెన్సీ అయితే వేరు. రోజూ జరుగుతోందని నాకూ తెలుసు. ఫోన్‌లో నిమిషాల లెక్కన దొరికే ఇంటర్‌ప్రెటర్ సర్వీసులున్నాయి, ఒకటి పెట్టుకోండి.

ఇప్పుడు వాట్సాప్. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

2023లో ప్యూ రిసెర్చ్ సెంటర్ చేసిన సర్వేలో హిస్పానిక్ పెద్దల్లో 54 శాతం మంది వాట్సాప్ వాడుతున్నామన్నారు. తెల్లవాళ్లలో 20 శాతం. టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ హిస్పానిక్‌లే ముందున్నారు. ఊళ్లో ఉన్న అమ్మతో, అన్నదమ్ములతో మాట్లాడేది దాంట్లోనే. మన సంగతీ అంతే కదా, దీనికి వేరే వివరణ అక్కర్లేదు. అందుకని యాడ్ నొక్కితే వెబ్‌సైట్‌కు పంపకండి. నేరుగా వాట్సాప్‌లోకి పంపండి. ఫేస్‌బుక్, వాట్సాప్ రెండూ మెటా కంపెనీవే, "క్లిక్ టు వాట్సాప్" అని దాని యాడ్స్‌లోనే ఆప్షన్ ఉంది.

చిన్న షాపుకు వాట్సాప్ బిజినెస్ యాప్ చాలు. ఉచితం. సొంత నంబరు కాదు, షాపుకు వేరే నంబరు తీసుకోండి. అందులో నాలుగు పనులు చేయాలి. ప్రొఫైల్‌లో పని వేళలు, అడ్రసు స్పానిష్‌లో రాయాలి. గ్రీటింగ్ మెసేజ్ పెట్టాలి. ఇది మొదటిసారి రాసినవాళ్లకు, లేదా 14 రోజులు మాట లేకుండా ఉండి మళ్లీ రాసినవాళ్లకు తనంతట తానే వెళుతుంది. "అవే" (away) మెసేజ్ పెట్టాలి, అంటే షాపు మూసినప్పుడు వెళ్లేది. అందులో "రేపు ఉదయం తొమ్మిదికి జవాబిస్తాం" అని టైము రాయాలి, ఉత్త థాంక్యూ కాదు. నాలుగోది క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసి పెట్టుకున్న జవాబులు. 50 దాకా దాచుకోవచ్చు. మీకు పది చాలు.

ఆ పదీ ఏమిటి? ఒక డెంటల్ క్లినిక్ ఉదాహరణ చూద్దాం. రాత్రి 8:40. మెసేజ్ వచ్చింది. "క్వాంతో క్వెస్తా ఉనా లింపియేసా?" క్లీనింగ్ ఎంత అని. మన క్లినిక్‌లు ఏం రాస్తాయి? "ప్లీజ్ కాల్ అవర్ ఆఫీస్." అయిపోయింది, పేషెంటు పక్క క్లినిక్‌కు వెళ్లిపోయాడు. ధర అడిగినవాడికి ధర చెప్పండి. అడిగేవాళ్లలో ఇన్సూరెన్స్ లేనివాళ్లు చాలామంది ఉంటారు, జేబులోంచి కట్టేవాళ్లకు అంకె కావాలి. జవాబు ఇలా ఉండాలి. మొదట "బ్వేనాస్ నోచెస్" అని పలకరింపు, మీ ఫ్రంట్ డెస్క్ మనిషి పేరు. రెండో వాక్యంలో ఇన్సూరెన్స్ లేకుండా ఎంత, అందులో ఎక్స్‌రే కలిసి ఉందా విడిగానా. మూడోది, వాయిదాల్లో కట్టొచ్చా లేదా. నాలుగోది, రెండు టైములు మీరే చెప్పడం, వాటిలో ఒకటి శనివారం కావాలి. "మీకెప్పుడు వీలవుతుంది?" అని వదిలేయకండి. శుక్రవారం దాకా కన్‌స్ట్రక్షన్ సైటులో పనిచేసే మనిషి బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఎలా వస్తాడండీ? చివర్న పేరు అడగండి. పేరు మాత్రమే. సోషల్ సెక్యూరిటీ నంబరు, ఐడీ, పుట్టిన తేదీ, ఇవేవీ చాట్‌లో అడగొద్దు. ఎక్స్‌రేలు, మందుల చరిత్ర కూడా వాట్సాప్‌లోకి రానివ్వొద్దు, పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలనే హిపా చట్టంతో చిక్కు. వాటికి విడిగా భద్రమైన ఫారం లింకు పంపండి.

అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాక లొకేషన్ పిన్ పంపండి. ముందు రోజు సాయంత్రం పదిహేను సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి. టైపు చేసిన రిమైండర్ కన్నా మనిషి గొంతుకే జవాబు వస్తుంది. జవాబు వస్తే మనిషీ వస్తాడు.

ఇప్పుడు ఒక హెచ్చరిక, ఇది రాసుకోండి. మన ఊళ్లో పెళ్లి చీరల షాపు దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ దాకా వాట్సాప్‌లో ఆఫర్ల మోత మోగిస్తుంటారు కదా. అదే పద్ధతి ఇక్కడ చేద్దామనుకుంటారు. కుదరదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమెరికా నంబర్లకు బిజినెస్ ప్లాట్‌ఫాం (ఏజెన్సీలు ఒకేసారి వేలమందికి పంపడానికి వాడేది) ద్వారా మార్కెటింగ్ టెంప్లేట్ మెసేజ్‌లు చేరవేయడాన్ని మెటా ఆపేసింది. ఎవరైనా ఏజెన్సీవాడు "పది వేల మందికి వాట్సాప్ బ్లాస్ట్ కొడతాం" అంటే లేచి వచ్చేయండి. యాప్‌లోని బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంది కదా అంటారా? 256 మందికే, అది కూడా మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. పోనీ మామూలు ఎస్సెమ్మెస్ కొడదామా? ముందుగా రాతపూర్వక సమ్మతి లేకుండా ఆటోమేటిక్‌గా ప్రచార టెక్స్ట్ పంపితే, ఫోన్ ప్రచారాల మీద ఉన్న టీసీపీఏ చట్టం కింద ఒక్కో మెసేజ్‌కు 500 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1,500. ఒక్కో మెసేజ్‌కండీ, మొత్తానికి కాదు. కాబట్టి వాళ్లే ముందు మాట్లాడాలి, మనం జవాబివ్వాలి. ఆ మొదటి మాట వాళ్లచేత అనిపించడానికే యాడ్.

యాడ్‌కొద్దాం.

మొదటి ప్రశ్న. "టార్గెటింగ్‌లో హిస్పానిక్ అని కొడితే రావడం లేదేంటి?" రాదు. ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో "మల్టీకల్చరల్ అఫినిటీ" అని ఉండేది. 2020లో తీసేశారు. 2022 జనవరిలో జాతి, మతం, ఆరోగ్యం లాంటి సున్నితమైన విషయాలకు సంబంధించిన టార్గెటింగ్ ఆప్షన్లు ఎన్నో తొలగించారు. ఇళ్లు, ఉద్యోగాల యాడ్లలో జాతిని బట్టి మనుషుల్ని పక్కన పెడుతున్నారని కేసులు పడ్డాయి, అందుకు. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి మూడు. ప్రాంతం, భాష, యాడ్‌లో మీరు పెట్టే మాట, బొమ్మ.

భాష దగ్గర అందరూ ఒకే గోతిలో పడతారు. "స్పానిష్ (అన్నీ)" అని ఎంచి ఊరుకుంటారు. హిస్పానిక్‌లలో మూడింట రెండు వంతుల మంది ఇక్కడ పుట్టినవాళ్లు. పాతికేళ్ల అమ్మాయి ఫోన్ ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో అమ్మతో స్పానిష్ మాట్లాడుతుంది. మీ ఎంపిక ఆ అమ్మాయిని దాటేస్తుంది. అమ్మకు డెంటిస్టును వెతికేది ఎవరు? ఆ అమ్మాయే. అందుకని రెండు యాడ్ సెట్లు. ఒకటి స్పానిష్ భాష ఎంచి, పూర్తిగా స్పానిష్‌లో. రెండోది భాష ఏదీ ఎంచకుండా, షాపు చుట్టూ అయిదు మైళ్లకు, మాట ఇంగ్లీషులో, కింద "ఇక్కడ స్పానిష్ మాట్లాడతాం, మీ అమ్మగారిని తీసుకురండి" అని స్పానిష్ లైను. ఈ రెండోదాన్ని షేర్ చేసే వీలుగా చేయండి. చూసిన అమ్మాయి దాన్ని అమ్మకు వాట్సాప్‌లో పంపాలి.

బడ్జెట్. ఒక్కోదానికి రోజుకు 10 డాలర్లు, మొత్తం 20, నెలకు 600. లెక్క కోసం చెబుతున్నాను. 600 డాలర్లకు 60 చాట్‌లు మొదలై, 20 అపాయింట్‌మెంట్లు కుదిరి, 12 మంది వచ్చారనుకుంటే, ఒక్కో పేషెంటుకు 50 డాలర్లు పడింది. మీకు గిట్టుతుందా లేదా అన్నది మీకే తెలియాలి. లైకులు రాసుకోవద్దు. ఈ నాలుగే రాసుకోండి. ఖర్చు, చాట్‌లు, అపాయింట్‌మెంట్లు, వచ్చినవాళ్లు. చాట్‌లు బాగా వచ్చి అపాయింట్‌మెంట్లు లేకపోతే యాడ్‌ను ముట్టుకోకండి, తప్పు మీ జవాబులో ఉంది. అపాయింట్‌మెంట్లుండి మనుషులు రాకపోతే రిమైండర్‌లోనో, మీరిచ్చిన టైములోనో ఉంది.

ఇంకోటి, రోజూ యాడ్ మార్చకండి. యాడ్ ఎవరికి చూపించాలో మెటా నేర్చుకునే దశ ఉంటుంది, లెర్నింగ్ ఫేజ్ అంటారు, అది దాటడానికి ఒక యాడ్ సెట్‌కు వారంలో 50 దాకా ఫలితాలు కావాలంటుంది. చిన్న బడ్జెట్‌తో అంత రాదు, సరే. కానీ మీరు మార్చినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కనీసం రెండు వారాలు వదిలేయండి. లొకేషన్ ఒక్కసారికి రెండుసార్లు చూసుకోండి. అమెరికా అని పెట్టడం మరిచి స్పానిష్ అని ఎంచితే లైకులు చవగ్గా, కుప్పలు తెప్పలుగా వస్తాయి. అన్నీ మెక్సికో నుంచి, కొలంబియా నుంచి. వాళ్లెవరూ ఇర్వింగ్‌కు పళ్లు కడిగించుకోవడానికి రారు.

రియల్ ఎస్టేట్, అప్పులు, ఇన్సూరెన్స్, ఉద్యోగ ప్రకటనలు, మీకు వేరే రూలు. వాటికి "స్పెషల్ యాడ్ కేటగిరీ" టిక్కు పెట్టాలి. పెడితే వయసు, ఆడ మగ, జిప్ కోడ్ ఎంచుకోలేరు. మీరు పెట్టిన చోటు చుట్టూ కనీసం 15 మైళ్లు చూపిస్తుంది. టిక్కు పెట్టకుండా తప్పించుకుందామంటే యాడ్ తిప్పికొడతారు, అకౌంటుకు కూడా ముప్పు. మరి దక్షిణ ఇర్వింగ్‌కే చేరాలంటే? వీడియోలో మొదటి మూడు సెకన్లలో స్పానిష్ గొంతు వినిపించాలి, ఆ వీధి కనిపించాలి. సంబంధం లేనివాళ్లు తోసుకుంటూ పోతారు, ఉన్నవాళ్లు ఆగుతారు. వడపోత యాడే చేస్తుంది.

వీడియో ఫోన్‌ను నిలువుగా పట్టి తీయండి. పదిహేను నుంచి ముప్పై సెకన్లు. అక్షరాలు పైన 14 శాతం, కింద 35 శాతం జాగాలో పెట్టకండి, రీల్స్‌లో అక్కడ బటన్లు, పేర్లు వచ్చి కప్పేస్తాయి. స్పానిష్ వాక్యం ఇంగ్లీషు కన్నా పొడుగు, అయిదో వంతు ఎక్కువ జాగా తింటుంది. ఇంగ్లీషు డిజైన్‌లో స్పానిష్‌ను కుక్కితే ఫోన్ నంబరు అంచు దాటిపోతుంది. ఫాంట్‌లో ఎన్ మీద వచ్చే ఆ చిన్న అల గుర్తు ఉందో లేదో చూసుకోండి. అది పోతే "15 సంవత్సరాల అనుభవం" అనే లైను శరీరంలో నలుగురిలో పేరెత్తని చోటుకు మారిపోతుంది. నవ్వకండి, బోర్డుల మీద కూడా కనిపిస్తాయి.

మీరు, నువ్వు సంగతి మనకు తెలిసిందే. వాళ్లకూ ఉంది. క్లినిక్, ట్యాక్స్, ఇన్సూరెన్స్ వాళ్లు "ఉస్తెద్" వాడండి, అంటే మీరు. రెస్టారెంటు "తూ" వాడొచ్చు. ఏదైనా ఒకటే, యాడ్‌లో ఒకటి చాట్‌లో ఒకటి వద్దు. స్పెయిన్ స్పానిష్ కూడా వద్దు. కార్లవాళ్లు "కారో" అనాలి, స్పెయిన్‌లోలా "కోచె" కాదు. టెక్సస్‌లో కారు ఇన్సూరెన్స్‌ను చాలామంది "అసెగురాన్సా" అంటారు. డిక్షనరీ మాట "సెగూరో". గూగుల్ యాడ్స్‌లో రెండూ కీవర్డులుగా పెట్టండి, వెనక "సెర్కా దె మీ" చేర్చి. నా దగ్గర్లో అని.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. ట్యాక్స్ ఆఫీసుల్లో నోటరీ కూడా చేస్తుంటారు కదా. బోర్డు మీద గానీ ఫేస్‌బుక్‌లో గానీ "నొతారియో పూబ్లికో" అని రాయకండి. లాటిన్ అమెరికాలో ఆ హోదా అంటే న్యాయశాస్త్రం చదివిన పెద్ద మనిషి. ఇక్కడ నోటరీ అంటే ముద్ర వేసేవాడు. ఆ తేడా పట్టుకుని ఇమ్మిగ్రేషన్ కేసుల్లో మోసాలు చాలా జరిగాయి, అందుకే టెక్సస్ చట్టం ఆ మాటను నోటరీల ప్రకటనల్లో నిషేధించింది. నోటరీ సేవను స్పానిష్‌లో ప్రచారం చేస్తే, "నేను టెక్సస్‌లో లైసెన్సున్న లాయరును కాను, న్యాయ సలహా ఇవ్వను, దానికి డబ్బు తీసుకోను" అనే నోటీసు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. పాత కార్లవాళ్లూ, బేరం స్పానిష్‌లో జరిగితే కిటికీకి అంటించే బయ్యర్స్ గైడ్ కూడా స్పానిష్‌లో ఇవ్వాలి. ఫెడరల్ రూలు. ఎవరికైనా, యాడ్ స్పానిష్‌లో ఉంటే దాని షరతులు కూడా స్పానిష్‌లోనే ఉండాలి. పైన స్పానిష్‌లో ఊరించి, కింద చిన్నక్షరాల ఇంగ్లీషులో షరతులు పెట్టడం కుదరదు.

రెస్టారెంటు వాళ్లు ఇందాకట్నుంచీ చూస్తున్నారు, మా సంగతేంటని. క్యాలెండర్‌తో మొదలుపెడదాం. సింకో దె మాయో, మే 5, మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. 1862లో ప్వెబ్లాలో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. ఇక్కడ బీరు కంపెనీలు పెద్దది చేశాయి. ఆ రోజు "హ్యాపీ ఇండిపెండెన్స్ డే మెక్సికో" అని పోస్టు పెట్టారంటే కామెంట్లలో తిట్లు తినాల్సిందే. మెక్సికోది సెప్టెంబర్ 16, సంబరం 15వ తేదీ రాత్రి మొదలవుతుంది. గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్, నికరాగువా, కోస్టారికాలది సెప్టెంబర్ 15. హిస్పానిక్ హెరిటేజ్ మంత్ నెల మధ్యలో మొదలయ్యేది అందుకే.

మదర్స్ డే చూడండి. అమెరికాలో మే రెండో ఆదివారం. మెక్సికోలో, సాల్వడార్‌లో, గ్వాటెమాలాలో ఏ వారమైనా మే 10. 2026లో రెండూ ఒకే రోజు. 2027లో ఆదివారం 9, సోమవారం 10. మామూలుగా సోమవారం మూసేసే హోటలైతే ఆ సోమవారం తెరవండి, ఆ మాట వారం ముందు నుంచే స్పానిష్‌లో పెట్టండి.

ఇక మనవాళ్లు అస్సలు చూడనిది లెంట్. స్పానిష్‌లో క్వారెస్మా. యాష్ వెన్స్‌డే నుంచి ఈస్టర్ దాకా. కాథలిక్కులు ఆ శుక్రవారాల్లో మాంసం ముట్టరు. చేప తినొచ్చు. ఆరేడు శుక్రవారాలు ఊళ్లో టాకో షాపులన్నీ రొయ్యలు, చీజ్ వంటకాల కోసం తంటాలు పడుతుంటాయి. మాంసం లేని వంటలు మన దగ్గర ఎన్ని ఉన్నాయండీ? చేపల పులుసుంది, రొయ్యల వేపుడుంది, పనీర్ ఉంది, పప్పుంది, గుత్తి వంకాయుంది. వాళ్లకు కారం కొత్త కాదు, చింతపండు కొత్త కాదు, కొత్తిమీర కొత్త కాదు, మామిడికాయ ముక్క మీద కారం చల్లుకుని తినేవాళ్లే. కొత్తదల్లా మన మెనూ. "రాయలసీమ రుచులు" అంటే వాళ్లకేం తెలుస్తుంది? మాంసం లేదు, ఎంత కారం, అన్నంతోనా రొట్టెతోనా, ధర ఎంత. ఈ నాలుగూ ఒక్కో వంటకానికి స్పానిష్‌లో రాసి, గురువారం సాయంత్రం పోస్టు చేయండి. లెంట్ అయ్యాక మటన్ బిర్యానీ ముందుకు తెండి. మటన్ అని రాయొద్దు, మేక మాంసం అయితే "చివో" అని రాయండి. మేక మాంసంతో చేసే మెక్సికన్ వంటకం బిర్రియా తినే మనిషికి దాని గురించి మనం చెప్పేదేమీ లేదు. బిర్రియా, బిర్యానీ ఒకటి కాదులెండి, వినడానికలా ఉంటుంది అంతే.

లోకల్ ఫుడ్ వీడియోలు చేసేవాళ్లను పిలుస్తారు మీరు. ఫాలోవర్లు ఎంతమంది అని కాదు, ఎక్కడున్నారని అడగండి. ఇన్‌సైట్స్‌లో టాప్ సిటీస్ స్క్రీన్‌షాట్ పంపమనండి. లక్ష మందిలో ఎనభై వేలు మెక్సికోలోని మాంతెరేలో ఉంటే మీకేం లాభం? డల్లాస్‌లో ఆరు వేల మంది ఉన్నవాళ్లు నయం. డబ్బిచ్చినా, ఉచితంగా భోజనం పెట్టినా, అది ప్రకటన అని వీడియోలో చెప్పించాలి, స్పానిష్ వీడియో అయితే స్పానిష్‌లో. "పుబ్లిసిదాద్" అని మొదట్లోనే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో "లాటినో ఓన్డ్" అని ఒక గుర్తు ఉంటుంది. అది మనం పెట్టుకోకూడదు. స్పానిష్‌లో రివ్యూ రాసినవాళ్లకు స్పానిష్‌లో జవాబివ్వండి, అది చాలు.

ఇప్పుడు కొంచెం గంభీరమైన మాట. 2025 నుంచి ఇమ్మిగ్రేషన్ సోదాల భయం ఎంతుందో మీ అందరికీ తెలుసు. పేపర్లన్నీ ఉన్నవాళ్లు కూడా భయపడుతున్నారు. ఇలాంటప్పుడు మీ షాపు రీల్‌లో కస్టమర్ల ముఖాలు, పార్కింగ్‌లో నంబర్ ప్లేట్లు కనిపించకూడదు. చేతులు తీయండి, ప్లేటు తీయండి, మీ స్టాఫ్ ఒప్పుకుంటే వాళ్లను తీయండి. జనంతో కళకళలాడే వీడియో మీకు గొప్ప, చూసేవాళ్లకు గుబులు. స్పానిష్ యాడ్ నడిపితే కింద వెకిలి కామెంట్లు వస్తాయి. "ఐస్‌ను పిలుస్తా" లాంటివి, ఐస్ అంటే ఇమ్మిగ్రేషన్ పోలీసులు. పేజీ సెట్టింగుల్లో మాటలు అడ్డుకునే జాబితా ఉంది. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అలాంటి మాటలు యాడ్ మొదలవకముందే చేర్చండి. మొదటి వారం రోజుకు రెండుసార్లు కామెంట్లు చూసి దాచేయండి. వాదనకు దిగొద్దు. మీరు జవాబిస్తే ఆ కామెంటు ఇంకా పైకొస్తుంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ఆఁ, అనువాదానికి చాట్‌జీపీటీ చాలదా అంటున్నారు.

చిత్తుప్రతికి చాలు. "డల్లాస్‌లో ఉండే మెక్సికన్లకు, ఉస్తెద్ వాడుతూ, మామూలు మాటల్లో" అని చెప్పి రాయించుకోండి. ఊరికే స్పానిష్ అంటే పుస్తకాల భాష వస్తుంది. కానీ అది చదివి దిద్దే మనిషి ఒకరుండాలి. ధరలు, తేదీలు, గ్యారంటీ, వైద్యం ఒప్పంద పత్రాలు, వీటిని మనిషి చూడకుండా బయటికి పంపొద్దు. ఆ మనిషి ఎవరు? చాలాచోట్ల ఏం చేస్తారంటే, వంటింట్లో పనిచేసే అబ్బాయిని పిలిచి "ఇది కరెక్టేనా?" అని అడుగుతారు. యజమాని అడిగితే ఆ అబ్బాయి ఏమంటాడు? "ఎస్ సర్" అంటాడు. అలా కాదు. చదవడం, రాయడం వచ్చిన మనిషిని చూసుకుని, దాన్ని ఆ మనిషి డ్యూటీలో చేర్చి, ఆ గంటలకు జీతమివ్వండి. "ఇది బాగుందా?" అని అడగకండి. "మీ అమ్మగారికి చదివి వినిపిస్తే ఎక్కడ ఆగుతారు?" అని అడగండి. అప్పుడు చెబుతారు, మూడో లైను దగ్గర అని.